చలికాల విహారం, ఉమ్మడి భూములు

తెలుగు రాష్ట్రాల్లో ఆరుబయటి విహారానికి అనువైన కాలం చలికాలం. కార్తీకం మొదలైనప్పటి నుంచి మాఘం ముగిసేదాకా, అంటే అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు, జనం చెరువు కట్టలకు, తోటలకు, అడవి అంచులకు, గుట్టలకు, జలాశయాల ఒడ్డుకు బయలుదేరుతారు. ఎండాకాలంలో తెలంగాణ పీఠభూమి మీద పగటిపూట బయట నిలవడమే కష్టం. వానాకాలంలో బండ్ల బాటలు దిగబడతాయి, వాగులు పొంగుతాయి. చలికాలానికి చెరువులు నిండి ఉంటాయి, ఆకాశం తేటపడుతుంది, పొయ్యి దగ్గర కూర్చోవడం హాయిగా ఉంటుంది. హిమాలయాల్లో, ఐరోపాలో, ఉత్తర అమెరికాలో చలికాల విహారం అంటే మంచు మీద జారే ఆటలు. దక్కన్‌లో, తూర్పు కనుమల్లో అది వనభోజనం, జాతర, గుడారంలో బస, పక్షుల వీక్షణ, పతంగులు, పొగమంచు చూడటానికి కొండలెక్కడం.

ఈ విహారంలో ఎక్కువ భాగం ప్రభుత్వ భూముల మీదే జరుగుతుంది. చెరువు శికం (నీళ్లు నిలిచే నేల), కట్ట, రిజర్వు అడవి, సాగునీటి జలాశయం చుట్టూ సేకరించిన భూమి, దేవుడి గుట్ట, పశువులు మేసే బంచరాయి ఈ కోవలోకి వస్తాయి. రికార్డులో సర్కారు పేరున్నా వీటిలో ఏదీ ఖాళీ నేల కాదు. యాసంగి పంటకు నీళ్లు పెట్టుకునే రైతులు, చెరువులో చేపలు పెంచుకునే ముదిరాజ్, గంగపుత్ర సొసైటీల సభ్యులు, మందలు తోలే గొల్ల కురుమలు, కట్టెలూ ఆకులూ ఏరుకునే ఆడవాళ్లు అదే నెలల్లో ఆ నేలమీద పనిలో ఉంటారు. వేల కిలోమీటర్లు దాటి వచ్చిన పక్షులూ అప్పుడే అక్కడ దిగుతాయి. సెలవు రోజున వచ్చిన మనిషి వీళ్లందరి తర్వాతి వరసలో నిలబడి, ఆ నేలను వాళ్ల పనికి పనికొచ్చేలా వదిలి వెళ్లడమే సుస్థిర విహారం. ఏ కొలతలైనా, ఏ రుసుములైనా, ఏ నిషేధాలైనా ఈ వరసను నిలబెట్టడానికి వచ్చినవే.

రాయపోల్ పరిసరాలు

రాయపోల్ సిద్దిపేట జిల్లాలో ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు, అంతకుముందు మెదక్ జిల్లా దౌల్తాబాద్ మండలంలో ఉన్న గ్రామాలతో ఈ మండలం ఏర్పడింది. శాసనసభకు ఇది దుబ్బాక నియోజకవర్గంలోకి వస్తుంది. హైదరాబాద్ నుంచి వచ్చేవారికి దారి గజ్వేల్ మీదుగా. పర్యాటక పటాల్లో ఈ ఊరి పేరు కనిపించదు. అయితే ఇక్కడి నుంచి కొద్ది దూరం పోతే తెలుగు నేల మీది చలికాల విహారపు రూపాలు చాలావరకు కళ్లముందుకొస్తాయి. ఊరి చెరువులున్నాయి, కొత్తగా కట్టిన భారీ జలాశయాలున్నాయి, కొమురవెల్లి, కొండపోచమ్మ జాతరలున్నాయి, పడమటి వైపు మెదక్ దాటితే పోచారం అభయారణ్యం ఉంది. అందువల్ల పేరున్న విహార స్థలాల కంటే ఇలాంటి మామూలు మండలమే సమస్యను సరిగ్గా చూపిస్తుంది. ఇక్కడ టికెట్టు గది లేదు, కాపలాదారు లేడు, రోజుకు ఎందరు వచ్చారో రాసుకునే పుస్తకం లేదు. ఉన్నదల్లా గ్రామ పంచాయతీ.

ఈ ప్రాంతపు సాగునీటికి ప్రాణం గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువులోకి చేరతాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద రాష్ట్రవ్యాప్తంగా 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. పూడిక తీసి, కట్టలు గట్టిచేసి, తూములు మరమ్మతు చేశారు. పట్టణాల దగ్గరి కొన్ని చెరువులను మినీ ట్యాంక్‌బండ్‌లుగా తీర్చిదిద్దారు. సిద్దిపేటలోని కోమటి చెరువు వాటిలో పేరున్నది. నడక దారి, పడవలు, వేలాడే వంతెన, దీపాలతో అది పట్టణానికి సాయంకాలపు కూడలి అయింది. దీపాలూ సంగీతమూ ఒకే చెరువు దగ్గర చేరితే మిగతా చెరువులకు ఊపిరి దొరుకుతుంది. జిల్లాలోని ప్రతి చెరువూ కోమటి చెరువు కావాలనుకోవడం వల్ల మాత్రం నష్టమే. రాయిపరచిన గట్టు మీద ఉల్లంకి పిట్టకు మేత ఉండదు. గొర్రెల మందకు లోతు తక్కువున్న రేవు కావాలి, బట్టలుతికే మనిషికి బండ కావాలి.

వనభోజనం, దావతు

కార్తీక మాసంలో ఉసిరి చెట్టు కింద వండుకుని తినడం పాత ఆచారం. పూజతో మొదలయ్యే ఈ భోజనాలు ఇప్పుడు కులసంఘాలు, కార్యాలయాలు, బడులు, అపార్టుమెంట్ల వాళ్లు కలిసి చేసే పెద్ద కార్యక్రమాలుగా మారాయి. వీటికి తోడు తెలంగాణ పల్లెల్లో చెట్ల కింద చేసుకునే దావతులు ఉండనే ఉన్నాయి. యాట కోసుకోవడం, రాళ్ల పొయ్యి పెట్టడం, చలికాలంలో దొరికే ఈతకల్లు తెప్పించుకోవడం వీటి పద్ధతి.

పాత వనభోజనం నేలకు భారం కాకపోవడానికి కారణం జనం మంచితనం ఒక్కటే కాదు, వాళ్లు వాడిన వస్తువులు కూడా. ఎండిన మోదుగాకులను నీళ్లు చిలకరించి మెత్తబరచి, సన్నటి పుల్లలతో గుండ్రంగా కుట్టిన విస్తరి తిన్నాక ఎక్కడ పారేసినా ఆవు తినేది, లేదా వచ్చే వానలకు మట్టిలో కలిసిపోయేది. వండింది ఇంటి గిన్నెల్లో, నీళ్లు తాగింది కడముంతలోనో చెంబులోనో. ఇప్పుడు అమ్మే కాగితం పళ్లేనికి లోపలి వైపు పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందుకే పులుసు పోసినా అది నానదు, మట్టిలో వేసినా కుళ్లదు. గాలికి చెరువులోకి కొట్టుకుపోయిన పళ్లేలు, గ్లాసులు, సంచులు తూము దగ్గర చేరి అడ్డుపడతాయి. నీళ్లు సరిగా పారక చివరి మడి ఎండుతుంటే వాటిని చేత్తో తీయాల్సింది రైతే. అన్నం వాసన పట్టిన సంచులను పశువులు మింగుతాయి, అవి పొట్టలో పేరుకుని మేత అరగనివ్వవు. అన్నిటికంటే కష్టం సీసా పెంకులది. యాసంగి నాట్లు డిసెంబరు, జనవరి నెలల్లో పడతాయి. మోకాలిలోతు బురదలో వరుసగా వెనక్కి నడుస్తూ నాటు వేసే ఆడకూలీల కాళ్లకు చెప్పులుండవు. కట్ట మీద పగలగొట్టిన సీసా ఏదో ఒక రోజు కాలువ వెంట మడిలోకే వస్తుంది.

దీనికి విరుగుడు గ్రామాల చేతిలో కొంతవరకు ఇప్పటికే ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019లో మొదలైన పల్లె ప్రగతి కార్యక్రమం వల్ల తెలంగాణ గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, చెత్త వేరుచేసే షెడ్డు, నర్సరీ, పల్లె ప్రకృతి వనం వచ్చాయి. ట్రాక్టరు వీధుల్లో తిరుగుతుంది గాని చెరువు కట్ట దాకా పోవడం అరుదు. కార్తీక ఆదివారాల్లో, సంక్రాంతి వారంలో, కొత్త సంవత్సరం మరునాడు దాన్ని కట్టకు పంపడం, వచ్చిన బృందం దగ్గర ముందే కొంత సొమ్ము జమ చేయించుకుని చెత్త తిరిగి అప్పగించాక ఇచ్చేయడం ఏ పంచాయతీ అయినా గ్రామసభ తీర్మానంతో చేయగల పని. మోదుగు విస్తర్లు, స్టీలు గిన్నెలు అద్దెకిచ్చే పనిని మహిళా సంఘాలు చేపడితే ఆ విహారం వల్ల ఊరికి నాలుగు రూపాయలు కూడా మిగులుతాయి.

సంక్రాంతి పతంగుల సంగతి వేరుగా చెప్పుకోవాలి. నైలాన్, గాజు పూత దారాన్ని, అంటే చైనా మాంజాను, జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. అయినా అమ్మకం ఆగలేదు. తెగిన మాంజా తుమ్మ చెట్ల కొమ్మల్లో నెలల తరబడి వేలాడుతుంది. సాయంత్రం గూటికి చేరే కొంగలకు, అప్పుడే మేతకు బయలుదేరే గబ్బిలాలకు అది కనిపించదు. నూలు దారంతో పతంగి ఎగురుతుంది. ఆటకు పోయేదేమీ లేదు.

కొత్త జలాశయాలు

కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో భాగంగా సిద్దిపేట జిల్లాలో మూడు పెద్ద జలాశయాలు వచ్చాయి. చంద్లాపూర్ దగ్గరి రంగనాయక సాగర్ నిల్వ 3 టీఎంసీలు. మర్కూక్ దగ్గరి కొండపోచమ్మ సాగర్ 15 టీఎంసీలు, దాన్ని 2020 మే 29న ప్రారంభించారు. తొగుట, కొండపాక మండలాల పరిధిలోని మల్లన్న సాగర్ 50 టీఎంసీలు, అది 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. సముద్రం లేని జిల్లాలో కనుచూపు మేర నీళ్లు కనిపించడంతో ఆదివారాలు వీటి కట్టల మీద వాహనాలు బారులు తీరాయి.

అయితే ఇవి విహారం కోసం కట్టినవి కావు. ఊరి చెరువు మెల్లగా లోతెక్కుతుంది. చుట్టూ కట్ట పోసి కట్టిన జలాశయంలో రాతి పరుపు నేరుగా లోతులోకి దిగుతుంది, పాచి పట్టిన రాయి మీద కాలు నిలవదు. పంపులు నడిచినప్పుడు, కాలువలకు వదిలినప్పుడు నీటిమట్టం మారుతుంది. 2025 జనవరి 11న, సంక్రాంతి సెలవుల మొదట్లో, హైదరాబాద్ నుంచి కొండపోచమ్మ సాగర్‌కు వచ్చిన యువకుల్లో ఐదుగురు మునిగి చనిపోయారు. ఇలాంటి చావులు జరిగిన ప్రతిసారీ వచ్చినవారి నిర్లక్ష్యం మీదికే మాట పోతుంది. నీళ్లలో దిగకూడని చోటును కంచెతో, కాపలాతో మూసి, చూడటానికి వీలైన చోటును విడిగా చూపించాల్సిన బాధ్యత ఆ నేల యజమానిది. జనం వస్తారని తెలిసినప్పుడు హెచ్చరిక పలక ఒక్కటే సరిపోదు.

మల్లన్న సాగర్ విషయంలో ఇంకో లెక్క ఉంది. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ సహా ఎనిమిది ఊళ్లు ఆ నీళ్ల కింద ఉన్నాయి. ఆ ఊళ్లవాళ్లకు గజ్వేల్ దగ్గర పునరావాస కాలనీ కట్టారు. జలాశయాన్ని పర్యాటక కేంద్రం చేస్తామని ప్రారంభం నాడే ప్రకటన వచ్చింది. అక్కడ పడవ నడపడానికి, దుకాణం పెట్టడానికి, దారి చూపడానికి మొదటి హక్కు నిర్వాసితులదే కావాలి. ఇది దయ చూపడం కాదు. సేకరించిన భూమి ప్రజావసరం పేరుతో తీసుకున్నది. దాని మీద వచ్చే విహారపు ఆదాయం ఎవరికి చేరుతుందో చెప్పకుండా సుస్థిరత గురించి మాట్లాడటం కుదరదు.

జాతరలు

కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి తర్వాత మొదలై ఉగాది దాకా ఆదివారాలు సాగుతుంది. రంగుల ముగ్గులతో పట్నం వేయడం, బోనాలు తీయడం దాని ముఖ్య క్రతువులు. మల్లన్నను చూసుకుని కొండపోచమ్మ దగ్గరికి పోవడం చాలామందికి ఆనవాయితీ. ఎడ్లబండ్ల మీద వచ్చి చెట్ల కింద దిగి రెండు మూడు రోజులు ఉండే అలవాటు ఇప్పుడు ఒక్కరోజు కారు ప్రయాణంగా మారింది. భక్తి, బంధువుల కలయిక, విహారం మూడూ కలిసిన జాతరను పర్యాటకం లెక్కలో వేయడం సరికాకపోయినా, నేల మీద పడే భారం ఒకటే.

రెండేళ్లకోసారి మాఘంలో జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతర ఏటూరునాగారం అభయారణ్యం పక్కన జరుగుతుంది. అభయారణ్యంలోకి వచ్చే వాహనాల నుంచి అటవీ శాఖ పర్యావరణ రుసుము వసూలు చేసేది. 2024 జాతర సమయంలో భక్తుల సౌకర్యం కోసం దాన్ని తాత్కాలికంగా ఆపారు. కోటి మంది వచ్చే వారంలో ఆపేసిన రుసుము ఏ అవసరం కోసం పెట్టారో ఆలోచించాల్సిన విషయం. డబ్బు వసూలు ఇష్టం లేకపోతే ఆ వారం చెత్త తరలింపు ఖర్చును ముందే వేరుగా కేటాయించాలి.

పక్షులు దిగే నీళ్లు

చలికాల విహారంలో అతి తక్కువ భారం మోపేది పక్షుల వీక్షణ. అదీ పద్ధతి తప్పితే హాని చేస్తుంది. మెదక్, కామారెడ్డి జిల్లాల మధ్య ఉన్న పోచారం అభయారణ్యం విస్తీర్ణం దాదాపు 130 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు నిజాం వేటస్థలమైన ఈ అడవిని 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆలేరు వాగు మీద 1916, 1922 మధ్య కట్టిన పోచారం చెరువు దీనికి పేరిచ్చింది. చలికాలంలో ఇక్కడికి తల మీద నల్ల పట్టీలుండే బాతులు, చక్రవాకాలు వస్తాయి. పట్టీతల బాతులు మంగోలియా, టిబెట్, లడఖ్ ఎత్తుల్లో పిల్లలు చేసి, హిమాలయాలు దాటి దక్కన్ చెరువులకు చేరతాయి. మధ్య ఆసియా వలస మార్గంగా పిలిచే ఈ దారి 30 దేశాల మీదుగా పోతుంది.

ఈ బాతులు పగలు నీళ్ల అంచున గుంపుగా కూర్చుని, చీకటి పడ్డాక, తెల్లవారకముందు పొలాల్లోకి మేతకు పోతాయి. పగటి విశ్రాంతి వాటికి సోమరితనం కాదు. మార్చిలో తిరుగు ప్రయాణానికి కావలసిన కొవ్వు ఆ నెలల్లోనే కూడబెట్టుకోవాలి. ఫొటో కోసం ఒకడు గుంపు వైపు నడిస్తే మొదట అంచున ఉన్న పక్షులు మెడలు నిక్కిస్తాయి, తర్వాత రెండడుగులు పక్కకు జరుగుతాయి, ఆ తర్వాత మొత్తం గుంపు లేస్తుంది. మెడ నిక్కిన క్షణంలోనే ఆగిపోవడం వీక్షకుడు నేర్చుకోవాల్సిన మొదటి విద్య. డ్రోన్ ఎగిరితే వాటికి గద్ద వచ్చినట్టే. రోజుకు నాలుగైదు సార్లు లేచిన గుంపు తిన్నదంతా రెక్కల్లోనే ఖర్చు పెడుతుంది.

హైదరాబాద్‌లో 1980లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘం ఇప్పుడు దక్కన్ బర్డర్స్ పేరుతో పనిచేస్తోంది. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన భారత ఉపఖండంలో 1987లో మొదలైంది. ఇది విహారమూ, పౌరుల పరిశోధనా ఒకటైన పని. ఒక చెరువుకు ఏటేటా వచ్చిన పక్షుల జాబితా చేతిలో ఉంటే, ఆ చెరువు శికంలో రోడ్డో విడిది గృహమో ప్రతిపాదించిన రోజున అధికారి ముందు పెట్టడానికి గట్టి ఆధారం అవుతుంది. సంగారెడ్డి జిల్లాలోని అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగరపు ఇళ్ల మధ్య చిక్కుకున్న చెరువుకు ఆ గుర్తింపు రావడంలో ఇలాంటి జాబితాల విలువ తక్కువది కాదు. రాయపోల్ మండలంలోని చెరువులకు కూడా జనవరిలో ఒక ఉదయం బడి పిల్లలతో లెక్క రాయిస్తే ఖర్చు లేకుండా అలాంటి రికార్డు మొదలవుతుంది. సిద్దిపేట జిల్లాలోని ములుగులో 2019లో సొంత ప్రాంగణం తెరిచిన అటవీ కళాశాల, పరిశోధన సంస్థ విద్యార్థులు ఆ పనికి దగ్గరి తోడు కాగలరు.

ఆంధ్రప్రదేశ్‌లో సూళ్లూరుపేట కేంద్రంగా జరిగే ఫ్లెమింగో పండుగ పులికాట్ సరస్సును, నేలపట్టు పక్షి కేంద్రాన్ని వేలాదిమందికి పరిచయం చేసింది. నేలపట్టులో గూడబాతులు చలికాలంలో నీటి కడప చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. పండుగ వేదికలను, పాటలను పట్టణంలో ఉంచి పక్షుల దగ్గరికి చిన్న గుంపులను మాత్రమే పంపే పద్ధతి ఎంత గట్టిగా పాటిస్తే ఆ పండుగ అంత మేలు చేస్తుంది.

మన్యం కొండలు

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరిలో అక్కడ ఉష్ణోగ్రత కొన్ని రోజులు సున్నా దగ్గరికి దిగుతుందనే వార్త చుట్టూ ఒక పర్యాటక కేంద్రమే పుట్టింది. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద నుంచి తెల్లవారుజామున కనిపించే మేఘాల సముద్రం ఇంకా ఆలస్యంగా, ఫోన్ వీడియోల ద్వారా, పేరు తెచ్చుకుంది. రెండు చోట్లా శని, ఆదివారాల రాత్రి ఇరుకు ఘాట్ రోడ్డు మీద వాహనాలు ఆగిపోవడం, నెగళ్ల కోసం కట్టె నరకడం, కొండ మీద సీసాలు పేరుకోవడం మామూలైంది. వేలమంది ఒకే కాలిబాటలో ఎక్కడం వల్ల గడ్డి చచ్చి, వానకు ఆ మట్టి కోతపడుతుంది. ప్రవేశ రుసుము, ప్లాస్టిక్ నిషేధం, వాహనాలను కిందే ఆపడం వంటి కట్టడులు తర్వాత వచ్చాయి.

ఇది రాజ్యాంగం ఐదో షెడ్యూలు ప్రాంతం. 1970 నాటి ఒకటో నియంత్రణ, జనం నోట 1/70 చట్టం, ఇక్కడ గిరిజనేతరులకు భూమి బదలాయించకుండా అడ్డుకుంటుంది. 1996 పెసా చట్టం గ్రామసభకు, 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అడవి మీద ఆదివాసులకు అధికారం ఇచ్చాయి. కాబట్టి మన్యంలో గుడారాల బస ఎవరు నడపాలనే ప్రశ్నకు జవాబు చట్టంలోనే ఉంది. బినామీ పేర్లతో నడిచే రిసార్టులు ఆ జవాబును పక్కకు నెట్టే దారులు. మారేడుమిల్లిలో వనసంరక్షణ సమితి సభ్యులే వంట, బస, దారి చూపే పనులు నడిపే సామాజిక పర్యాటకం దీనికి భిన్నమైన నమూనా. అందులో విహారి ఆదివాసీకి అతిథి. బొంగులో చికెన్ అమ్మిన డబ్బు, గది అద్దె ఊళ్లోనే తిరుగుతాయి, అడవి తగలబడితే ముందు పరుగెత్తేది కూడా ఆ ఊరివాళ్లే.

తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా శ్రీశైలం పోయే రహదారిని రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 దాకా మూసివేస్తారు. సెలవుల్లో ఆ గేటు దగ్గర వాదులాట తప్పదు. కానీ రాత్రి దారి దాటే జంతువుకు ఆ తొమ్మిది గంటలు దొరకడం ఏ ప్రచార పలకకన్నా ఎక్కువ మేలు చేసింది. వికారాబాద్ అనంతగిరి కొండల్లో, మూసీ నది పుట్టే చోట, వారాంతపు గుడారాలూ రాత్రి పాటలూ పెరిగాయి. హైదరాబాద్‌కు గంటన్నర దూరంలో ఉండటమే ఆ అడవికి శాపం.

చట్టాలు, వాటి ఖాళీలు

రిజర్వు అడవిలో అనుమతి లేకుండా చొరబడటం, నిప్పు పెట్టడం 1967 అటవీ చట్టం కింద నేరం. అభయారణ్యాల్లో ప్రవేశానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అనుమతిని తప్పనిసరి చేసింది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటిని 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. పులుల అభయారణ్యాల్లో కోర్ ప్రాంతంలో 20 శాతానికి మించి పర్యాటకానికి వాడకూడదని 2012 జాతీయ మార్గదర్శకాలు పరిమితి పెట్టాయి.

అసలు ఖాళీ చెరువుల దగ్గర ఉంది. 2017 చిత్తడి నేలల నిబంధనలు సాగునీటి కోసం, తాగునీటి కోసం మనుషులు కట్టిన జలవనరులను తమ పరిధి నుంచి మినహాయించాయి. తెలంగాణ చెరువులు దాదాపు అన్నీ అలా కట్టినవే. వందల ఏళ్లుగా పక్షులు దిగుతున్నా, చేపలు పుడుతున్నా ఆ నిబంధనల లెక్కలో అవి సాగునీటి కట్టడాలే. వాటికి మిగిలిన రక్షణ 2002 నాటి నీరు, భూమి, చెట్ల (వాల్టా) చట్టం, రెవెన్యూ రికార్డుల్లోని ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) హద్దు, నీటిపారుదల శాఖ అధికారం. ఎఫ్‌టీఎల్ రాళ్లు పాతకుండా విహార కేంద్రం కట్టడం మొదలైతే ఆ తర్వాత శికం ఎంతో తేల్చడం కష్టం. మరో మార్పు అటవీ సంరక్షణ చట్టంలో వచ్చింది. 2023 సవరణ జంతు ప్రదర్శనశాలలు, సఫారీలు, ప్రణాళికలో చేర్చిన పర్యావరణ పర్యాటక సౌకర్యాలను అటవీయేతర వినియోగం నుంచి మినహాయించింది. పర్యాటకం అనే మాట ఎంతదాకా సాగుతుందో ఇకముందు అడవి ప్రణాళికలు రాసేవారి చేతిలో ఉంది. ఆ ప్రణాళికలను చదివి ఆక్షేపణలు చెప్పేవారు ఉండాలి.

న్యాయస్థానాలు రెండు గట్టి ఆధారాలు ఇచ్చాయి. కులూ మనాలి లోయలో బియాస్ నది ఒడ్డున అటవీ భూమిలో విహార హోటల్ విస్తరణ మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెబుతూ, నదులు, అడవులు వంటివి ప్రజల తరఫున ప్రభుత్వం కాపాడాల్సిన ఆస్తులని, వాటిని ప్రైవేటు లాభానికి అప్పగించే అధికారం దానికి లేదని తేల్చింది. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. మొదటి తీర్పు పుట్టింది విహార స్థలం వివాదం నుంచే.

ఎంతమందిని రానివ్వాలి

మోయగల సామర్థ్యం లెక్కలో మూడు మెట్లున్నాయి. దారి పొడవు, ఒక్కొక్కరికి కావలసిన చోటు, గంటలు చూసి గరిష్ఠంగా పట్టే జనాన్ని మొదట లెక్కిస్తారు. అందులోంచి కోతపడే నేల, జంతువుల సంచారం, పక్షుల గూళ్లు, వాన రోజులు తీసివేస్తే రెండో సంఖ్య వస్తుంది. చెత్త ఎత్తేవాళ్లు, మరుగుదొడ్లు, కాపలా ఎంతమందికి చాలతాయో చూసి దాన్ని మళ్లీ తగ్గిస్తారు. ఊరి చెరువుకు ఇంత గణితం అక్కర్లేదు. రెండు మరుగుదొడ్లు, ఒక ట్రాక్టరు ఉన్న చోట ఎంతమంది పడతారో సర్పంచికి తెలుసు.

అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో మంచు మీద నడిచే మోటారు బండ్ల గురించి ఏళ్ల తరబడి వివాదం నడిచింది. మోత, పొగ, అడవిదున్నలు బెదరడం ఆక్షేపణలు. వ్యాపారుల బతుకుతెరువు ఎదురువాదం. చివరికి 2013 నిబంధన రోజుకు 110 బండి బృందాలకు మించకుండా, దారి చూపేవారి వెంటే పోవాలని, పొగ, చప్పుడు తగ్గిన బండ్లే రావాలని నిర్ణయించింది. ఉత్తరాఖండ్ హైకోర్టు 2018 ఆగస్టులో ఎత్తైన గడ్డి మైదానాల్లో రాత్రి బసను నిషేధించి, రోజుకు 200 మందికి మించరాదని ఆదేశించింది. స్థలం వేరైనా ఈ రెండింటి సారం వంజంగికీ, అనంతగిరికీ పనికొస్తుంది. సంఖ్య ముందే ప్రకటించాలి, బుకింగు పద్ధతి పెట్టాలి, రాత్రిని వీలైనంత వరకు అడవికే వదిలేయాలి.

నెగడు విషయంలో ఆకురాల్చే అడవి స్వభావం తెలియాలి. దక్కన్ అడవుల్లో జనవరి దాటితే ఆకు రాలడం ఎక్కువై, ఫిబ్రవరి నుంచి కార్చిచ్చు కాలం మొదలవుతుంది. డిసెంబరులో ఆరినట్టు కనిపించి వదిలేసే నిప్పు, ఫిబ్రవరిలో వదిలితే గుట్ట మొత్తాన్ని తగలబెడుతుంది. అందుకే నెగళ్లకు అనుమతి ఉన్న చోట కూడా సంక్రాంతితో దాన్ని ఆపేయడం మంచిది. తాపడం చేసిన గుంట, ఇంటి నుంచి తెచ్చిన కట్టె, నీళ్లు పోసి చేత్తో తడిమి చూశాకే కదలడం అనేవి అప్పటికీ తప్పవు.

పోరాడే పద్ధతులు

విహారులే రక్షకులైన ఉదాహరణలు ఇటీవలి తెలంగాణలో ఉన్నాయి. వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో నౌకాదళ రేడియో సమాచార కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగినప్పుడు వ్యతిరేకించినవారిలో ఊరివాళ్లు, పర్యావరణవాదులతో పాటు ఆ అడవిలో నడిచి దాన్ని ఎరిగినవాళ్లూ ఉన్నారు. కంచ గచ్చిబౌలి భూముల్లో చెట్ల నరికివేతను 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపించింది. అక్కడి నెమళ్లను, జింకలను రోజూ చూసిన విద్యార్థుల ఫొటోలు దేశమంతా తిరిగాయి. నేలను నడిచి ఎరిగిన మనిషి దాని తరఫున నిలబడతాడు. జనాన్ని పూర్తిగా బయట ఉంచాలనే వాదం ఈ ఒక్క కారణంతోనైనా ఒప్పుకోదగినది కాదు.

మండల స్థాయిలో దారులు సాదాసీదావి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలంటుంది. దాని రిజిస్టరులో చెరువు పక్షులు, చేపలు, చెట్లు ఎక్కించాలి. శికం హద్దుల నకలును సమాచార హక్కు దరఖాస్తుతో తెచ్చుకోవచ్చు. గ్రామసభలో చలికాలానికి ముందే, దసరా లోపు, ఏ చెరువు విహారానికి, ఏ చెరువు పక్షులకు అని విడదీసి తీర్మానం రాయించవచ్చు. మత్స్య సొసైటీ, గొర్రెల కాపరుల సంఘం, నీళ్లు వదిలే నీరటి ఆ సభలో ఉండాలి. వాళ్లు లేకుండా పట్టణం నుంచి వచ్చినవాళ్లు రాసిన నియమం రెండో ఏడాదికి నిలవదు. స్పందన రాకపోతే కలెక్టరు దగ్గరికి, ఆపైన చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ మండల ధర్మాసనానికి పోవచ్చు. నష్టం జరిగిన తేదీతో కూడిన ఫొటోలు, పాత పక్షుల జాబితా, గ్రామసభ తీర్మానం ప్రతి ఈ మూడూ ఉన్న ఫిర్యాదును పక్కన పెట్టడం అధికారులకు అంత తేలిక కాదు.